వలకున్న ట్యాంకు చక్రాలు

ఈ ఉదయం నాన్న వల బాగుచేస్తుంటే, అడుగుతాడుకున్న సీసపు గుండ్లలో కొన్ని బిళ్లల్లా కనిపించాయి. వాటి అంచు చుట్టూ చిన్న చిన్న చుక్కలు.

స్కూలు రోజుల్లో మీరూ అట్టతో యుద్ధట్యాంకులు చేసే ఉంటారు. ఫిరంగికి రీఫిల్ గొట్టం, పైన షాంపూ మూత, గుర్తుందా? మా అన్నకు అట్ట చక్రాలు నచ్చలేదు. వాడే నాన్న వలలోని గుండ్లు విప్పి, సుత్తితో సాగగొట్టి, నా కంపాస్ ముల్లుతో బోల్టుల్లా చుక్కలు పొడిచాడు. అచ్చం ఇనుప చక్రాల్లా వచ్చాయి.

బరువు తగ్గిన వల సముద్రంలో సరిగా మునగలేదు. నాన్న చేపల్లేకుండా తిరిగొచ్చాడు.

"కూడు పెట్టే వలని బొమ్మకోసం పీకుతావంట్రా, దొంగనాయాలా!" అంటూ తడితాడుతో అన్నను బాదాడు. వీపు చిట్లి చొక్కా అంటుకుపోయింది. అన్న ఏడవలేదు. నాన్న ట్యాంకును రాతికేసి కొట్టినప్పుడు మాత్రం అరుస్తూ వెళ్లి ఆయన చెయ్యి కొరికాడు. నెత్తురు కారినా వదల్లేదు. విడదీయబోయిన అమ్మ కింద పడితే మోచెయ్యి విరిగింది.

ఆ తర్వాత నాన్నా, అన్నా మాట్లాడుకోలేదు. అన్న ఇప్పుడు కావలిలో లేత్ మెషిన్ మీద పనిచేస్తున్నాడు.

"ఈ గుండ్లు మార్చలేదా నాన్నా?"

"వలలు మారినాయి గానీ, ఆ రోజు ఏరి కట్టిన వీటిని మార్చలా."

ఆయన చేతి మీద పళ్లగాటు ఇంకా తెల్లగా ఉంది. చుక్కల్ని బొటనవేలితో తడుముతూ, నా వైపు చూడకుండా అన్నాడు:

"అన్నీ ఒకే ఎడంలో ఎట్ట పొడిచినాడో, వాణ్ణి అడిగి చెప్తావామ్మా?"