క్యాసెట్‌లో మిగిలిన అంచు

నా చిన్నప్పుడు, ఎనభైలలో, ధర్మవరంలో మా వీధి మొత్తానికి కంప్యూటర్ ఉన్నది పక్కింటి అక్కకే. తక్కువ ధరకు దొరికిందని వాళ్ల మామ బెంగళూరు నుంచి తెచ్చిచ్చాడు. పలక కన్నా కాస్త పెద్దది, రబ్బరు మీటలది. టీవీకి తగిలిస్తే తెర మీద గళ్లు కనిపించేవి. అంతకుముందు చీర అంచు కోసం అక్క కాగితం మీద ఒక్కో గడికీ రంగు నింపేది. అది వచ్చాక కాగితం మానేసి తెర మీదే నింపేది. కరెంటు తీస్తే ఆ యంత్రం అన్నీ మరిచిపోతుంది కనుక, చేసిన పనిని టేప్‌రికార్డర్‌తో క్యాసెట్‌లోకి ఎక్కించేది.

అది వరుసగా మూడో కరువు సంవత్సరం. వాళ్ల నాయన మగ్గం ఆగి చాలా రోజులైంది. కొత్త అంచు నచ్చితే పని ఇస్తానని షావుకారు మాటిచ్చాడు. అక్క నెల రోజులు కూర్చుని తుమ్మపూల అంచు తయారు చేసింది.

షావుకారు వచ్చే రోజు పొద్దున, అక్క బోరింగు దగ్గర నీళ్ల వరుసలో ఉంది. పాటలుంటాయని నేను వాళ్లింట్లో ఉన్న క్యాసెట్ పెట్టాను. కీచుమని ఒకటే రొద. టేపు పాడైందనుకున్నాను. అక్క సంతోషిస్తుందని, రికార్డు చేసే ఎర్ర మీట నొక్కి, వాన కోసం పిల్లలం ఇల్లిల్లూ తిరిగి పాడే కప్పతల్లి పాట దాని మీద పాడాను.

మధ్యాహ్నం షావుకారు ముందు తెర మీద అంచు రాలేదు. అక్క క్యాసెట్‌ను టేప్‌రికార్డర్‌లో పెట్టి వింటే నా గొంతు వినిపించింది.

"ఏమ్మా, కప్పల పాట ఇనిపించేకే పిలిపిస్తివా నన్ను?" అని నవ్వి షావుకారు లేచి వెళ్లిపోయాడు.

నేను తలుపు చాటున దాక్కున్నాను. అక్క కొట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, "అది చెడిపోయిన చప్పుడు కాదే. నా అంచు అట్లా మాట్లాడతాది. తెలీకుంటే అడగల్ల కదే," అంది. ఎవరు చెరిపారో వాళ్ల నాయనకు చెప్పనేలేదు.

గుర్తున్నంత వరకూ మళ్లీ గీసింది కానీ, షావుకారు మళ్లీ రాలేదు. దసరా నాటికి మగ్గం విప్పి అమ్మేశారు. కంప్యూటరూ పోయింది. బెంగళూరు బస్సెక్కే ముందు అక్క ఆ క్యాసెట్ నా చేతిలో పెట్టి, "నీ పాట నువ్వే పెట్టుకో," అంది. ఆ ఏడూ వాన రాలేదు.

జరిగిందంతా లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో రాశాను. నా మొదటి డైరీ అదే. ఉద్యోగంలో చేరాక కూడా రాయడం మానలేదు. అర్థం కానిదాన్ని చెరపడానికి ఈనాటికీ నాకు చెయ్యి రాదు. ఏడాదికోసారి ఆ క్యాసెట్ వింటాను. నా పాట అయిపోయాక కాసేపు ఆ కీచు రొద వస్తుంది. తుమ్మపూల అంచులో మిగిలింది అదే.