రెండో పెళ్ళికి పోయిన ఓటు

మిసిసిపీలోని మా ఊరి మంగలి రూఫస్ టార్ప్లీకి ఎన్నికలొస్తే పూనకమే. ఓటెయ్యనని ఎవడైనా నోరుజారితే సగం గడ్డం గీసి కూర్చోబెడతాడు. ముసలమ్మలందరినీ తన వ్యానులో పోలింగుకు చేరవేస్తాడు. తను మాత్రం వ్యాను దిగడు.

అతనికి ఓటు పోయి ముప్ఫై ఏళ్ళు. మొదటి భార్య ఏడేళ్ళు కనబడకపోతే ఆ పెళ్ళి దానంతటదే రద్దయిపోతుందని, మా ఊళ్ళో అందరిలాగే నమ్మి, ఒడీలియాను చేసుకున్నాడు. ఎనిమిదో ఏట మొదటావిడ నిక్షేపంలా ఊళ్ళో దిగి కేసు పెట్టింది. ఇద్దర్ని చేసుకున్న నేరం రుజువై, మా రాష్ట్ర చట్టం ప్రకారం అతని ఓటు పోయింది. తర్వాత ఆమెకు విడాకులిచ్చి ఒడీలియానే మళ్ళీ చేసుకున్నాడు గానీ, ఓటు తిరిగి రాలేదు. అతని తమ్ముడు డ్యూయిట్ మత్తుమందు అమ్మి ఆరేళ్ళు జైల్లో ఉన్నాడు. ఓటు పోయే నేరాల జాబితాలో అది లేదు. జైల్లోంచే పోస్టులో ఓటేశాడు మహానుభావుడు. ఆ జాబితా ఏ తలమాసినవాడు రాశాడో!

"నువ్వూ నాలాగే పొడి అమ్ముకోవాల్సిందన్నా. పెళ్ళెందుకు చేసుకున్నావ్?" అంటాడు వాడు.

ఈ ఏడు ఒడీలియా పట్టణ సభకు నిలబడింది. ఎలాగైనా ఆమెకు ఓటెయ్యాలని రూఫస్ ఆరాటం. పోయిన ఓటు తిరిగి రావాలంటే రాజధానిలో, శాసనసభలో అతనొక్కడి పేరు మీద బిల్లు నెగ్గాలి. మా శాసనసభ్యుడి గుమాస్తా ఫోన్ చేసి, నేరానికి పశ్చాత్తాపపడుతున్నట్టు ఉత్తరం రాసిమ్మన్నాడు.

"ఏ నేరానికి?"

"అదేనండీ, ఆ రెండో పెళ్ళికి."

మూడు వారాలు కాగితం ముందు కూర్చున్నాడు. ఆ పరధ్యానంలో నా చెంప రెండుసార్లు కోశాడు.

"రాసి పారెయ్యవయ్యా! నేను వారానికోసారి పశ్చాత్తాపపడుతూనే ఉన్నాగా," అంది ఒడీలియా.

చివరికి ఏదో రాసి పంపాడు. బిల్లు నెగ్గలేదు. ఒడీలియా పదకొండు ఓట్లతో ఓడింది. తర్వాతి వారం గుమాస్తా ఆ ఉత్తరం తిప్పి పంపాడు. ఒడీలియా దుకాణంలో అందరి ముందూ పైకి చదివింది.

"మొదటి పెళ్ళికి చాలా పశ్చాత్తాపపడుతున్నాను. రెండోదానికి పడను."

ఆ కాగితం అతని మొహం ముందు ఆడించింది.

"ఓరి మొండి మనిషీ! నాలుగు ముక్కలు అబద్ధం రాస్తే నీ ఓటు నాకొచ్చేది కదయ్యా!"

రూఫస్ కత్తి తుడుచుకుంటూ తలెత్తలేదు.

"నిన్ను చేసుకోవడం తప్పని రాసిచ్చినోడి ఓటు నీకెందుకే?"