దుర్గమ్మ స్కూటరు, ఐదొందల క్రిప్టో

అంబాజీపేటలో దుర్గమ్మ చెవికున్న పేరు చాలామంది పెద్దమనుషులకు లేదు. అటక మీద ఏడాదిపాటు ఎండిన కురిడీ కాయను ఊపి, లోపల కొబ్బరి కదిలే చప్పుడును బట్టి అది మంచిదో కుళ్ళిందో చెప్పడం ఆవిడ పని. బస్సులో కూర్చుని, పక్కన పోతున్న లారీలో కుళ్ళుకాయలెన్నో చెప్పేసిందని కూడా అంటారు. నిజమే, ఒకటీ అరా తేడా వచ్చి ఉండొచ్చు.

యాభై ఎనిమిదో ఏట ఆవిడకు స్కూటరు మీద మనసు పుట్టింది. కరెంటుతో నడిచేది, ఆకుపచ్చది. ఇరవై ఏళ్ళుగా మరిది తాతాజీ బండి వెనక కూర్చుని, అతను ఆగిన ప్రతి టీ బడ్డీ దగ్గరా ఆగి విసిగిపోయింది. ఎనభై వేలు కూడబెట్టింది.

సరిగ్గా అప్పుడే తాతాజీకి ఫోన్లో ఒక గ్రూపు దొరికింది.

"వదినా, క్రిప్టో అండి! బిట్‌కాయిన్‌కి తమ్ముడి వరసంట. నలభై రోజుల్లో రెట్టింపు. ఒక స్కూటరు డబ్బు పెడితే రెండు స్కూటర్లండి!"

"నాకున్నది ఒక్క నడుమే కదయ్యా, రెండెందుకు?"

"రెండోది నాకండి."

"అదీ సంగతి!"

అయినా ఆశ ఎవరి సొత్తు? ఆ రాత్రి ఆకుపచ్చ స్కూటరు కలలో మరికాస్త పెద్దదైంది. కానీ కొత్తవాడి దగ్గర అతను చూపించిన కాయతో దుర్గమ్మ ఏనాడూ బేరం కుదుర్చుకోలేదు. మూలనున్నది తన చేత్తో తీసి ఊపాల్సిందే. అందుకని ఐదొందలు మాత్రం పెట్టింది. పది రోజులకు యాప్‌లో పదిహేను వందలు కనిపించాయి.

"చూసేరా! ఇంక మొత్తం పెట్టేయండి."

"చూసేను. అవి తీసి నా చేతిలో పెట్టు."

తాతాజీ మీట నొక్కాడు. డబ్బు రాలేదు, కబురొచ్చింది: సొమ్ము విడుదల కావాలంటే ముందు రెండు వేలు పన్ను కట్టాలట.

"నా కాయ నాకివ్వడానికి నాలుగు కాయలడుగుతున్నాడేంటి వీడు? నువ్వెంత పెట్టేవు?"

తాతాజీ గోడకేసి చూశాడు. "ఇరవై వేలండి. మా ఆవిడకి చెప్పకండి వదినా."

"చెప్పన్లే. ముందు పోలీసులకి చెబుదాం, పద."

సైబర్ నేరాల నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించారు.

మరొకరైతే అక్కడితో దండం పెట్టేసేవారు. ఒక అటక కుళ్ళితే ఊళ్ళో కొబ్బరంతా కుళ్ళినట్టు కాదని దుర్గమ్మ లెక్క. అమలాపురంలో ఆడిటర్ దగ్గర పనిచేసే మేనకోడలు యామినిని అడిగింది.

"క్రిప్టో కొనడానికి ప్రభుత్వం దగ్గర నమోదైన సంస్థలున్నాయి అత్తా. అయినా ధర పడితే ఎవరూ పూచీ ఉండరు. లాభమొస్తే నూటికి ముప్పై పన్ను. పోయినా ఏడవని డబ్బే పెట్టు."

అలాంటి సంస్థలో దుర్గమ్మ మళ్ళీ ఐదొందలే పెట్టింది. మర్నాడే అందులో కొంత అమ్మించి, ఆ డబ్బు బ్యాంకులో పడేదాకా అన్నం సయించలేదు. పడ్డాక, నెలకు ఐదొందలకు ఒప్పుకుంది. పోయిన ఐదొందలు రెండు నెలల్లో పూడ్చుకుని, ఎనభై వేలు పట్టుకెళ్ళి స్కూటరు తెచ్చుకుంది.

మూడో నెలలో ఒకరోజు, నడపడం నేర్పుతానని వెనక కూర్చున్న తాతాజీ ఫోన్ చూసి కేకేశాడు.

"వదినా! మీ క్రిప్టోలో మూడోవంతు పోయిందండి! అమ్మేద్దామా?"

"ఉండనీ. ముందు బ్రేకు ఏ చేతికో చెప్పు."

"ఎడం చేతికండి! వదినా, కాలవండి! కాలవ!"

గట్టుకు బెత్తెడు దూరంలో స్కూటరు ఆగింది.

"ఆయ్, దొరికింది," అంది దుర్గమ్మ.