ముప్పై గజాల ఫోన్ వైరు

మా వీధిలో చెప్పుకునే కథ తప్పు. ముందు ఆ సంగతి తేల్చేస్తాను. నాకు దేవుడు ముందే తెలియజేశాడట, నేను ఫోన్లో హెచ్చరించానట, దాంతో మా తమ్ముడు కూలిపోబోయే హెలికాప్టర్ ఎక్కకుండా బతికిపోయాడట. మా తమ్ముడు తిప్పేస్వామి జన్మలో హెలికాప్టర్ ఎక్కలేదు. వాడి పని నేల మీద. నేను ఎవరినీ హెచ్చరించలేదు. ఈ కథ విని, తమ పొలంలో బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో చెప్పమని ముగ్గురు రైతులు మా ఇంటికి వచ్చారు కూడా.

దయ్యాలనూ మహిమలనూ నేను ఏనాడూ నమ్మలేదు. డిగ్రీ చదివి కళ్యాణదుర్గంలో ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. పూనకం వచ్చిన ఆమెను నిలబెట్టి ప్రశ్నలు వేసిన మనిషిని. ఏ వాదనలోనైనా చివరి మాట నాదే కావాలి. ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు. జరిగింది రాయడానికి ఇన్నేళ్లు పట్టిందంటే భయం వల్ల కాదు, సిగ్గు వల్ల.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. తమ్ముడు సైన్యంలో ఉన్నాడు. సరిహద్దు కొండల్లో, రోజూ కాల్పులు జరిగే చోట. వాడి యూనిట్ వాళ్లు డ్రోన్లు ఎగరేసేవాళ్లు. ఇప్పుడు పెళ్లి వీడియోలకు కూడా తెస్తున్నారు గానీ, అప్పట్లో పైలట్ లేని విమానం అంటే మా ఊళ్లో నవ్వేవాళ్లు.

అదే ఆకాశంలో గాయపడినవాళ్లను తెచ్చే హెలికాప్టర్లు కూడా తిరిగేవి. హెలికాప్టర్ పైన, డ్రోన్ కింద. ఎవరి ఎత్తు వాళ్లది. మబ్బు కమ్మితే మాత్రం పైలట్‌కు దారి కనపడదు, కిందికి దిగాల్సిందే. దిగే ముందు డ్రోన్ వాళ్లకు చెప్పాలి. కానీ ఇద్దరి రేడియోలూ కలవవు. అందుకని హెలికాప్టర్ల స్థావరంలో ఒక జవాను ఫోన్ రిసీవర్‌ను రేడియో స్పీకర్‌కు ఆనించి పట్టుకునేవాడు. ఇవతల ఫోన్ గుడారంలో తిప్పేస్వామి పైలట్ మాట విని, డ్రోన్ నడిపే గుడారానికి పరిగెత్తి చెప్పేవాడు. మధ్య దూరం ముప్పై గజాలు. జనరేటర్ల హోరులో కేక వేసినా వినపడదు. అప్పటికే రెండుసార్లు డ్రోన్, హెలికాప్టర్ గుద్దుకోబోయి తప్పించుకున్నాయి.

ఒక ఆదివారం పొద్దున పదిగంటలకు బస్టాండు పక్కనున్న ఎస్‌టీడీ బూత్‌కు వాడి ఫోన్ వచ్చింది. బూత్ నడిపే మహబూబ్ నాకు కబురు పంపాడు.

"అక్కా, ఊరందరికీ అర్జీలు రాసిస్తావు కదా. నాకొకటి ఇంగ్లీషులో రాసీ," అన్నాడు తమ్ముడు. "ఆ ఫోన్ వైరు ముప్పై గజాలు పొడుగు చేసి, డ్రోన్ గుడారంలోనే పెట్టమని. అంతే."

"నీ పైన ఆఫీసర్లు లేరేమిరా? వాళ్లకు లేని నొప్పి నీకెందుకు?"

"వాళ్లకు చెప్పినా. నోటిమాట యాడ నిలబడుతుంది? కాగితం ఉండాల."

"కాగితం పెట్టినోన్నే పట్టుకుంటారు. ఆఫీసులో దినామూ చూస్తాండా నేను. నోరు మూసుకోని నీ పని నువ్వు చేస్కో."

ఊరంతటికీ అర్జీలు రాసిపెట్టే నేను తమ్ముడికి ఒక్కటి రాయనన్నాను. వాడు బతిమాలుతున్నాడు, నేను తిడుతున్నాను. సరిగ్గా అప్పుడు లైన్లో మరో గొంతు వచ్చింది. వెనకాల రెక్కలు కొట్టుకుంటున్నట్టు పెద్ద చప్పుడు. హిందీ. నేను హిందీ పరీక్షలు రాసినదాన్ని, ప్రతి మాటా అర్థమైంది. "మబ్బు కమ్మింది. కిందికి దిగుతున్నాను. డ్రోన్‌ను పక్కకు తీయండి." కాస్త బొంగురు గొంతు, తొందర లేదు. అదే మాట రెండుసార్లు.

వాళ్ల లైన్ మా లైన్‌తో కలిసిందనుకున్నాను. మాటకు అడ్డొచ్చాడని నాకు మండింది. తెలుగులోనే అరిచాను. "ఎవురప్పా నువ్వు? మేము మాట్లాడుతాంటే మధ్యలో ఏంది? పెట్టెయ్ ఫోను." గొంతు ఆగింది. ఆగినా మనిషి ఉన్నాడు, వింటున్నాడు. ఆ చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. తర్వాత అదీ పోయింది.

"ఎవురినక్కా తిడతాండావు?" అన్నాడు తమ్ముడు. వాడికి ఏమీ వినపడలేదు.

"ఎవరూ లేరు. మాట మార్చద్దు," అన్నాను.

ఆ మాటలు ఒక్కసారి వాడికి చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. ఎందుకంటే అప్పుడు వాదనలో నేను గెలుస్తున్నాను. చివరికి వాడు "సర్లే అక్కా, పెట్టను" అన్నాడు. బయటికొస్తుంటే మహబూబ్ నవ్వాడు. "గెలిచినావా అక్కా? బయట చెట్టు మీద కాకులు కూడా లేచిపోయినాయి."

రెండు నెలలకు వాడు సెలవు మీద వచ్చాడు. విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తూ వసారాలో కూర్చున్నాం. వాన జాడ లేదు. వాడు తలెత్తకుండా చెప్పాడు. మా ఫోన్ మాటలు జరిగిన తొమ్మిదో రోజు హెలికాప్టరూ డ్రోనూ మబ్బులో గుద్దుకున్నాయి. పైలట్ చనిపోయాడు. పక్క సీట్లో ఉన్నాయన బతికి, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు.

ఆ పైలట్ చివరగా ఏమన్నాడో చెప్పాడు. అవే మాటలు, అదే వరస, రెండుసార్లు. నేను బూత్‌లో విన్నవే.

"పరిగెత్తబోయినా అక్కా. ఆయన మళ్లా మాట్లాడినాడు. లైన్లో ఎవరో ఆడమనిషి ఉంది, మద్రాసీ భాషలో తిడుతోంది, ఎవరది, అన్నాడు. మా కాడ ఆడోళ్లే లేరు. ఏమి చెప్పాల్నో తెలీక నిలబడిపోయినా. డ్రోన్ గుడారానికి పోయేతలికి టీవీలో బొమ్మ పోయింది."

విచారణలో రేడియో గందరగోళం అని రాసుకున్నారట. ఆ వారంలోనే ఫోన్ వైరు ముప్పై గజాలు పొడిగించారట.

టెలిఫోన్ లైన్‌మన్‌ను అడిగాను. లైన్లు కలవడం మామూలే మేడం, అన్నాడు. తొమ్మిది రోజుల తర్వాతి మాట ముందే ఎట్లా కలుస్తుందని అడిగితే సైకిలెక్కి వెళ్లిపోయాడు. నేను కలగన్నానని అనుకుందామంటే, నా అరుపు మహబూబ్ విన్నాడు. ప్రమాదం సంగతి తెలిశాక, వీధిలో తిరిగే కథ అల్లింది కూడా అతనే. నేను కాదనలేదు. జనం నమస్కారం పెడుతుంటే, ఏళ్ల తరబడి ఊరికే ఉన్నాను.

తిప్పేస్వామి రిటైరై ఇప్పుడు రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఒక యూనిట్‌కు వాచ్‌మన్. ఆ ఆడమనిషి ఎవరో వాడికి నేను చెప్పలేదు. "నువ్వు చెప్పిందే నయమైందిలే అక్కా, అర్జీ పెట్టింటే నన్నే పట్టుకుంటాండ్రి," అని నన్నే ఊరడిస్తాడు.

ఆ గొంతు నాకెట్లా వినిపించిందో, నా అరుపు ఆయనకెట్లా చేరిందో నాకు తెలియదు. తెలుస్తుందనే ఆశా లేదు. తెలియాల్సింది వేరే ఉంది, అది వాడికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ ఆడగొంతు ఎవరిదా అని ఆలోచిస్తూ, ఫోన్ పట్టుకుని నువ్వు ఎంతసేపు నిలబడిపోయావురా, తిప్పేస్వామీ?