మా పడవ ఇంజను టాపెట్లు సరిచేసింది ఎవరంటే

నరసాపురం రేవులో మా పడవ ఇంజను శబ్దం విని, నా చేతిలో ఏదో మహత్తు ఉందని మొన్నటిదాకా అందరూ మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పును కాదనకుండా పుచ్చుకున్నాను. అది తప్పు. ఆ చెయ్యి నా భార్యది.

అది మా తాత కొన్న పాతకాలం డీజిల్ ఇంజను. పెద్ద చక్రం చేత్తో తిప్పితేనే లేస్తుంది. పైన రెండు వాల్వులు, వాటిని తొక్కే మీటలు. మీటకీ వాల్వుకీ మధ్య సన్నని సందు ఉండాలి. వేడికి ఇనుము సాగుతుంది కదా, ఆ సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. ఇంజను వేడెక్కి నీరసిస్తుంది.

కిందటి వానాకాలం అది ఏటి మధ్యలో వేడెక్కి ఆగిపోసాగింది. పడవలో సగం వాటా ఉన్న మా అన్నయ్య విసిగిపోయాడు.

"ఆదివారం అవతలి గట్టుకెళ్లి ఆగకుండా తిరిగొస్తే సరి. లేదంటే పాత ఇనుముకి ఇచ్చేద్దాంరా."

శుక్రవారం ఆ సందులు, అదే టాపెట్లు, నేనే సరిచేశాను. చప్పుడు లేకుండా తిరిగింది. మా రేవులో చప్పుడు లేని ఇంజనంటే మంచి ఇంజనని లెక్క. ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను. లేసు అల్లుతున్న నా భార్య తలెత్తలేదు. తను వాళ్ల నాన్న పడవ మీద పెరిగిన మనిషి.

"టిక్కుటిక్కులు అసలు లేవాండీ?"

"ఒక్కటీ లేదు!"

"అయితే సందు లేకుండా దాని పీక పిసికేశారన్నమాట."

మర్నాడు పొద్దున్నే రేవుకొచ్చింది. చల్లని ఇంజను చక్రం నాచేత మెల్లగా తిప్పించి, రెండు వాల్వులూ మూసుకున్నచోట ఆపమంది. సందు కొలిచే గేజి రేకు పెట్టింది. దూరలేదు.

"నిన్న దూరిందే!"

"నట్టు బిగించాక మళ్లీ పెట్టి చూశారా?"

చూడలేదు. నట్టుతోపాటు, సందును సరిచేసే స్క్రూ కూడా తిరిగి దాన్ని మింగేసింది. తను సందు మళ్లీ సరిచేసి, స్క్రూను కదలకుండా పట్టుకుని నట్టు బిగించింది. రేకును మళ్లీ లాగి చూసింది.

"లేసు దారం వేలి మీద జారినట్టు రావాలండీ. వదులూ కాదు, బిగువూ కాదు."

ఆదివారం ఇంజను టిక్కుటిక్కుమంటూ ఏరు దాటింది. ఆగకుండా తిరిగొచ్చింది. అన్నయ్య అందరి ముందూ నా వీపు తట్టాడు. "సాధించావురా!" నేను నవ్వి ఊరుకున్నాను. గట్టు మీద నా భార్య లేసు సంచి సర్దుకుని ఇంటిదారి పట్టింది. నేనలా ఊరుకోవడమే నన్ను తినేసింది.

మొన్న పక్క పడవాయన తన ఇంజను చూడమని వచ్చాడు. అన్నయ్య అక్కడే ఉన్నాడు, గట్టు మీద లేసు అల్లుకుంటూ నా భార్యా ఉంది. "నాకు రాదండి. మా ఆవిణ్ణి అడగండి. మాదీ తనే చేసింది," అన్నాను.

అన్నయ్య నోరు తెరిచాడు. "ఏంటమ్మా, నువ్వా? మరి వీడేం చేశాడు?"

"చక్రం తిప్పారండి బావగారూ. బాగానే తిప్పుతారు."

రేవంతా నవ్వింది. తను లేసు సంచి నా చేతికిచ్చి ఆ పడవెక్కింది. గేజి తీసుకుని, చక్రం తిప్పడానికి నేనూ వెనకే ఎక్కాను.