పురుగు ఒంటి మీద నల్లమచ్చ

మొన్న సోమవారం పొద్దున మా జువాలజీ మేడమ్ గుంటూరులో ఆసుపత్రిలో చనిపోయారు. ఫోన్ చేసింది ఆవిడ భర్త. "మీ మేడమ్ ఇక లేరమ్మా" అన్నారు. అప్పుడు నేను కాలేజీ ల్యాబ్‌లో ఆవిడ పెంచుతున్న గొంగళిపురుగులకు మేత మారుస్తున్నాను. ఫోన్ పెట్టేశాక కూడా మారుస్తూనే ఉన్నాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

ఒంట్లోకి బ్యాక్టీరియా చొరబడితే సీతాకోకచిలుకలూ, రెక్కల పురుగులూ ఎలా తట్టుకుంటాయన్నదే ఆవిడ జీవితమంతా చదివిన చదువు. మాది ప్రత్తిపాడు దగ్గర పత్తి, మిరప పండించే ఇల్లు. ఆవిడ దగ్గర పరిశోధనకు చేరిన మొదటిరోజు, కాయ తొలిచే పురుగును చూసి మొహం చిట్లించాను.

"మీ చేలో చంపుకో. ఇక్కడ మాత్రం చూడు" అన్నారు.

బ్యాక్టీరియా అంటించిన సన్నటి సూదితో దాన్ని గుచ్చారు. కాసేపటికి ఆ చోట నల్లమచ్చ తేలింది.

"గాయం మూసుకుంటోంది. లోపల రక్తకణాలు బ్యాక్టీరియాను చుట్టుముట్టి గడ్డ కట్టేస్తాయి. ఆ తర్వాత చిన్న చిన్న ప్రోటీన్లు పుట్టుకొచ్చి మిగిలిన వాటికి చిల్లులు పెడతాయి. మనకున్నట్టు దీనికి యాంటీబాడీలు లేవమ్మాయ్. అయినా చేతులు ముడుచుకుని కూర్చోదు."

ఆ రోజే మరికొన్నింటినీ అలాగే గుచ్చాం. మర్నాటికి వాటిలో కొన్ని మెత్తబడి చచ్చిపోయాయి. రిజిస్టర్‌లో బతికినవే రాశాను. ఆవిడ అది చూసి, నేను పక్కన పెట్టిన పెన్ను మళ్లీ నా చేతికే ఇచ్చారు.

"పోయినవి కూడా రాయి. అవీ పోరాడే పోయాయి."

పోయిన నెల పురుగుల కోసం చేలోకి వెళ్లినప్పుడు పత్తి మోడు ఒకటి చెప్పులోంచి ఆవిడ పాదంలో దిగింది. ఆవిడకు షుగరు. డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. రుమాలు కట్టుకుంటూ, "ముందు పురుగుల పెట్టెలు సర్దు. ఎండకి చచ్చిపోతాయి" అన్నారు. సర్దాను. చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాల్సింది. ఎక్కించలేదు. అదే నన్ను తినేస్తోంది.

నాలుగో రోజుకి చలిజ్వరం. ఆసుపత్రిలో చేర్చేసరికే విషం రక్తంలోకి పాకిందన్నారు. మందులు మార్చి మార్చి ఇచ్చారు. చివరిసారి చూడ్డానికి వెళితే, ఆవిడ మాట చాలా నెమ్మదిగా వచ్చింది.

"భయంగా ఉందా?"

ఉందన్నాను.

"నాక్కూడా" అన్నారు. ఇన్నేళ్లలో ఆవిడ నోట ఆ మాట వినలేదు. నా వేళ్లు వదల్లేదు.

అంత్యక్రియలకు పొలం నుంచి మిరపకాయలు కోసే ఆడవాళ్లు ఆటోలో వచ్చారు. పురుగుల కోసం వెళ్లినప్పుడల్లా ఆవిడ వాళ్లతోనే గట్టు మీద కూర్చుని అన్నం తినేవారు. "మమ్మల్ని పేరుపేరునా పిలిచేదండీ" అంది ఒక పెద్దావిడ. కబురు తెలియగానే కోత మధ్యలో బయల్దేరారు. చేతుల నిండా మిరప ఘాటు, కొంగుకీ అదే. కళ్లు తుడుచుకునే వీల్లేక, చేతులు ఒంటికి దూరంగా పట్టుకుని, కారే కన్నీళ్లను కారనిస్తూ అలాగే నిలబడ్డారు.