చాచా పసుపు దస్తీ

మొన్న పొద్దున పేపర్లో ఆటల పేజీ తిప్పుతుంటే ఒక ఫొటో కనిపించింది. ఎవరో ఫుట్‌బాల్ ఆటగాడు, పాత క్లబ్ వదిలి కొత్త క్లబ్‌లో చేరాడట. కొత్త జెర్సీని రెండు చేతులతో ఎదకు ఆనించి పట్టుకొని పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు. ఇలాంటి ఫొటో కనిపిస్తే నేను ఆటగాణ్ని చూడను, ఫొటోలో లేనివాళ్ళ గురించి ఆలోచిస్తాను. ఇతని పాత జట్టు వైపు కూచొని ఇతని కోసం గొంతు చించుకున్న పెద్దాయన ఒకరు ఎక్కడో ఉండే ఉంటాడు, ఈ పొద్దు ఆయన టీ తాగాడో లేదో అనుకుంటాను. అంతసేపు ఆ పేజీలో ఏం చూస్తున్నారని మా ఆవిడ అడిగింది. ఫుట్‌బాల్ అన్నాను. పుట్టి బుద్ధెరిగి బంతిని ఒక్కసారి తన్నని మనిషికి ఫుట్‌బాల్ ఏమిటని నవ్వింది. నిజమే, నాకు ఫుట్‌బాల్ తెలియదు. నాకు తెలిసింది చాచా.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. చమురు డబ్బుతో దోహా పట్టపగ్గాల్లేకుండా పెరుగుతున్న కాలం. నెల రోజులు సెలవు మీద పోయి వస్తే మన గల్లీ మనకే గుర్తుపట్టరాదు. జగిత్యాల పక్కనున్న మా ఊరికి మాత్రం నేను ఉన్నది దుబాయే. అమ్మకు ఖతర్ అని ఎన్నిసార్లు రాసినా, అది దుబాయ్‌లో ఒక వాడ అనుకునేది. ఇంటర్ దాకా చదివానని ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో టైమ్‌కీపర్ పని ఇచ్చారు. గేటు దగ్గర కూచొని ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు పోయారో రాసుకోవడం నా డ్యూటీ. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే వాడలో ఒక పాత విల్లాలో గదికి నలుగురం ఉండేవాళ్ళం. మా గదిలో ఇద్దరు మలయాళీలు, నేను, చాచా. తెలుగు ముక్క చెవిన పడాలంటే నాకు చాచా ఒక్కడే దిక్కు. ఆయనది హైదరాబాద్ పాతబస్తీ, కంపెనీ బస్సు డ్రైవరు, యాభై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు హైదరాబాదులో ఫుట్‌బాల్ ఆడాడట. ఎడమ మోకాలి మీది మచ్చను డిగ్రీ పట్టా చూపించినంత గౌరవంగా చూపించేవాడు. ఎవరూ అడగకపోయినా చూపించేవాడు.

శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక కంపెనీల మధ్య ఫుట్‌బాల్ లీగు జరిగేది. గడ్డి పరక లేని ఇసుక మైదానం. సున్నంతో గీతలు గీస్తే మొదటి సగం అయ్యేలోపే గాలికి ఎగిరిపోయేవి, ఆ తర్వాత బంతి బయటికి పోయిందా లేదా అన్నది ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ మాట. సిమెంటు దిమ్మెల మీద పరంజా చెక్కలు వేస్తే అవే మా కుర్చీలు. ఒక పక్క ఒక కంపెనీ వాళ్ళు, ఎదురుగా రెండో కంపెనీ వాళ్ళు. మా కంపెనీ లారీలు పసుపు రంగువి కాబట్టి మా జట్టు పసుపు జట్టు. శుక్రవారం ఓవర్‌టైమ్ చేసినవాళ్ళ కార్డులు చూసుకొని వచ్చేసరికి నాకు ఎప్పుడూ ఆలస్యమే. చాచా ముందే వచ్చి, మన బస్టాండుల్లో కిటికీలోంచి సీటు మీదికి దస్తీ విసిరినట్టు, తన పక్కన చెక్క మీద నా కోసం దస్తీ పరిచి పెట్టేవాడు. బెంగాలీ వచ్చినా పఠాన్ వచ్చినా లేపేవాడు. ఆ దస్తీ కూడా జట్టు రంగులో ఉండాలని మెస్సులో వంటమనిషిని బతిమాలి పసుపు తెచ్చి, నీళ్ళలో కలిపి ముంచి ఆరేసేవాడు. ఎండకు వెలిసిపోతే మళ్ళీ ముంచేవాడు.

ఒకసారి అది సరిగ్గా ఆరకముందే పరిచాడు, నేను చూసుకోకుండా కూచున్నాను. నా ఒక్కగానొక్క తెల్ల ప్యాంటుకు వెనక పసుపు అంటింది. గదికి వచ్చి సబ్బు రుద్దితే, పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో మీకు తెలుసు కదా, మరక కాస్తా ఎర్రగా తిరిగింది. ఎరుపు మా ప్రత్యర్థుల రంగు. చాచా ఆ ప్యాంటును చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "సబ్బు గూడ వాళ్ళకే అమ్ముడువోయింది బేటా" అన్నాడు. నాకు ఆట నేర్పింది కూడా ఆయనే. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటని అడిగితే, మెస్సులో అన్నం గిన్నె రాకముందే పళ్ళెం పట్టుకొని ముందుకు పోయి నిలబడేవాడు ఉంటాడు చూడు, వాడు ఆఫ్‌సైడ్ అన్నాడు. అంతకంటే బాగా ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ఎర్ర జట్టు ఒక పెద్ద కంపెనీది. వెస్ట్ బేలో సముద్రాన్ని పూడ్చి నేల చదును చేసే పని వాళ్ళది. వాళ్ళ ఆటగాళ్ళకు నిజమైన బూట్లు, నిమ్మకాయ షర్బతు ఉండేవి. ఇంకొకటి కూడా ఉండేది, ఉద్యోగం ఇవ్వగల చెయ్యి. మా జట్టులో ఎవరైనా కాస్త బాగా ఆడుతున్నాడంటే చాలు, ఆరు నెలల్లో అతనికి అక్కడ ఫోర్‌మన్ పోస్టు వచ్చేది. మా పదకొండో నెంబరు ఒక మలయాళీ వెల్డరు, గాలికి పుట్టినట్టు పరిగెత్తేవాడు. చాచా ఆ పిల్లవాడికి బస్సులో ముందు సీటు ఇచ్చేవాడు, ఇంటి నుంచి వచ్చిన పచ్చడి పెట్టేవాడు. ఒక వేసవిలో అతను కూడా పోయాడు. ఆడపిల్లను అత్తారింటికి పంపినా పండక్కి ఒకసారి వస్తుంది, వీడు పండక్కి కూడా రాడు అని చాచా రెండు రోజులు బస్సును గుంటల మీదుగా నడిపాడు.

తర్వాత నాతో లీగు కమిటీకి ఇంగ్లీషులో అర్జీ రాయించాడు. ఆయన పోవద్దనలేదు. పోయే ఆటగాడు పోవచ్చు, కానీ పోయాక ఒక ఏడాది దాకా పాత జట్టుకు ఎదురుగా ఆడరాదు, అంతే ఆయన అడిగింది. పెంచిన చేతుల ముందే పిల్లవాణ్ని నిలబెట్టి కొట్టించడం ఆట కాదని ఆయన వాదన. అర్జీకి జవాబు రాలేదు. కమిటీ పెద్ద ఎర్ర కంపెనీ ఇంజనీరే, రెండు పిల్లుల రొట్టెను కోతి పంచినట్టు ఉండేది ఆ లీగు. పదకొండో నెంబరు మా మీద ఆడాడు, గోలు కొట్టాడు. మా వైపంతా చప్పుడు లేదు. చాచా ఒక్కడే లేచి మూడుసార్లు చప్పట్లు కొట్టి కూచున్నాడు. "గోలు మంచిగుంది. కొట్టినోడు ఒక్కపారి ఇటు జూసి చెయ్యెత్తితే ఇంక మంచిగుండు" అన్నాడు.

ఆ చలికాలంలోనే నాకు కూడా పిలుపు వచ్చింది. ఆటకు కాదు లెండి, ఎర్ర కంపెనీ వాళ్ళకు స్టోర్‌కీపర్ కావాలట. జీతం సగానికి సగం ఎక్కువ, గదికి ఇద్దరే. కానీ పాత కంపెనీ అర్బాబ్, అంటే యజమాని, రిలీజ్ కాగితం మీద సంతకం పెడితేనే మారడం, లేకపోతే ఇంటికే. ఆటగాళ్ళ కోసమైతే ఎర్ర కంపెనీ పెద్దలే వచ్చి అడిగేవాళ్ళు, మాలాంటివాళ్ళకు అర్బాబ్ సంతకాలు పెట్టే రకం కాదు. చాచాకు ఎలా చెప్పాలో తెలియక పది రోజులు తిన్నది ఒంటబట్టలేదు. చివరికి ఎవరో ఆయన చెవిన వేశారు. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కొని అర్బాబ్ ఇంటికి పోయాడు. మొదట్లో ఆరేళ్ళు ఆ ఇంటి కారు నడిపిన మనిషి. నాకేదన్నా కావాలంటే ఒక్కటి అడగొచ్చు, కాదనడు అని మాతో గర్వంగా చెప్పేవాడు. ఆ ఒక్కటి ఏమిటో గదిలో అందరికీ తెలుసు, పెద్దకొడుకు వీసా. ఆ రోజు సాయంత్రం రిలీజ్ కాగితం తెచ్చి నా మంచం మీద పెట్టాడు. కొడుకు సంగతి ఏమిటని నేను అడగాలి. అడగలేదు. ఆయన ఒక్క మాట అన్నాడు.

"పోవుడు తప్పు గాదు బేటా. పోయినంక ఇటు దిక్కు సూడకపోవుడు తప్పు."

ప్రతి శుక్రవారం వస్తానని చెప్పాను. ఆ మాట అన్నప్పుడు నేను అబద్ధం ఆడలేదు, అది మాత్రం నమ్మండి.

కొత్త క్యాంపు ఊరికి దూరంగా, నీళ్ళ పక్కన. గదిలో నాతో ఉన్నాయన ఫిలిప్పీన్స్ మనిషి, చాలా మంచివాడు, ఇద్దరికీ కలిపి ఇరవై మాటలు ఉండేవి. మెస్సులో నలుగురి మధ్య కూచొని తింటున్నా ఒంటరిగా తిన్నట్టే ఉండేది. ఇనప సామాను లెక్క పెట్టేటప్పుడు కావాలని తెలుగులో అంకెలు పైకి అనేవాణ్ని, నా గొంతే నాకు తోడని. అంత ఒంటరితనం ఉన్నవాడు శుక్రవారం పరుగెత్తుకొని పోవాలి కదా. మొదటి శుక్రవారం డ్యూటీ వేశారు. రెండోసారి బస్సు దొరకలేదు. మూడోసారి నిద్రపోయాను. నాలుగోసారికి, మూడు వారాలు ఎందుకు రాలేదంటే ఏం చెప్పాలన్నది అడ్డం వచ్చింది. సిగ్గు అప్పులాంటిది, తీర్చకపోతే పెరుగుతూ పోతుంది. మూడు నెలలు గడిచాయి.

అప్పుడు పసుపు జట్టుతో ఎర్ర జట్టుకు ఆట పడింది. మా మేనేజరు స్టోరు వాళ్ళందరికీ ఎర్ర టోపీలు పంచి బస్సులో తీసుకుపోయాడు. మొదటిసారి ఆ మైదానాన్ని అటువైపు నుంచి చూశాను. ఎదురుగా మా పాత చెక్కలు, మా పాత మనుషులు, వాళ్ళ వెనక పసుపు లారీ. రెండో వరసలో ఈ చివర చాచా. ఆయన పక్కన చెక్క మీద పసుపు మరకంత దస్తీ. మనుషులు కిక్కిరిసి ఉన్నారు, కొందరు నిలబడి ఉన్నారు, ఆ ఒక్క జాగా ఖాళీ. ఒకాయన వచ్చి కూచోబోతే చాచా చెయ్యి అడ్డం పెట్టడం నాకు ఇటు నుంచి కనిపించింది.

మా మధ్య ఉన్నది ఒక మైదానం అడ్డం. నడిస్తే రెండు నిమిషాలు. టోపీ తీసి జేబులో పెట్టుకొని గోలు స్తంభాల వెనక నుంచి చుట్టి పోతే అయిపోయేది. సగం ఆటలో పోదాం అనుకున్నాను. సగం ఆటలో మేనేజరు షర్బతు గ్లాసు చేతికిచ్చి పక్కన కూచోబెట్టుకున్నాడు. ఆట అయ్యాక పోదాం అనుకున్నాను. చెయ్యి అయినా ఎత్తుదామనుకున్నాను. ఎత్తితే అందరి కళ్ళూ నా మీద పడతాయని ఒకసారి, ఆయన చూడలేదేమో అని ఒకసారి ఆగాను. ఉన్నమాట చెప్పాలంటే, ముఖం చెల్లలేదు. పోయిన ఆటగాడు ఏడాది దాకా పాత జట్టుకు ఎదురుగా ఉండరాదని నా చేతులతో రాసిన అర్జీ గుర్తొచ్చింది. అది నా కోసం రాసుకున్నట్టే ఉంది. ఎర్ర జట్టు మూడు గోల్స్ కొట్టింది, నా చుట్టూ అందరూ లేచారు, నేనూ లేచాను. ఆట అయ్యాక చాచా దస్తీ తీసి ఇసుక దులిపి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇటువైపు ఒకసారి చూశాడు. నన్ను చూశాడా, ఊరికే చూశాడా, నలభై ఏళ్ళకు పైగా ఆలోచిస్తున్నాను. మా బస్సు హారన్ కొట్టింది, ఎక్కాను.

మళ్ళీ సీజన్ మొదలైన మొదటి శుక్రవారం, ఈసారి ఏమైనా కానీ అని బయలుదేరాను. ఊరి నుంచి వచ్చిన సకినాలు ఒక డబ్బాలో పెట్టుకున్నాను. అందరికంటే ముందు పోయి మా పాత చెక్క మీద కూచుని, నా దస్తీ తీసి పక్కన పరిచాను. ఈసారి నేను జాగా ఆపాలని. జనం వచ్చారు. చాచా రాలేదు. బస్సు దిగిన కొత్త డ్రైవరును అడిగితే, ముసలాయన ఎండాకాలంలోనే ఎగ్జిట్ కొట్టించుకొని ఇంటికి పోయిండు అన్నాడు. మా పాత గదిలోని మలయాళీల్లో ఒకాయన పక్కన కూచొని ఇంకా కొంచెం చెప్పాడు. పోయే ముందు చాచా మళ్ళీ అర్బాబ్ దగ్గరికి పోయాడట, కొడుకు వీసా కోసం. నీ ఒక్కటి అయిపోయింది కదా అని అర్బాబ్ నవ్వాడట. చాచా నా గురించి ఏమన్నా అన్నాడా అని అడిగాను. స్టోర్‌కీపర్‌కు శుక్రవారాలు డ్యూటీ ఉంటుంది, పాపం, అనేవాడని చెప్పాడు. తిట్టి ఉంటే బాగుండేదని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

సెలవు మీద వచ్చినప్పుడు పాతబస్తీలో రెండు రోజులు తిరిగాను. చాచా అని పిలిచానే గాని ఇంటి గుర్తు ఏనాడూ అడగలేదు. మోకాలి మీద ఫుట్‌బాల్ మచ్చ, దోహాలో బస్సు డ్రైవరు అంటే ఎవరు చెబుతారు. మొన్నటి పేపరు మడిచి పక్కన పెట్టాక మా ఆవిడ టీ తెచ్చింది. ఫొటోలో ఉన్న పిల్లవాడికి చెప్పాలనిపించింది, బాబూ, పోయినందుకు కాదు, ఒక్కసారి అటు చూసి చెయ్యెత్తు అని. దస్తీ పరిస్తే బస్సు సీటు ఆగుతుంది, మైదానంలో చెక్క ఆగుతుంది, మనిషి కూడా కొన్నాళ్ళు ఆగుతాడు, కాలం మాత్రం ఎవరి దస్తీకీ ఆగలేదు.